కూలి పద్దులో కానరాని చేతులు

వరికోతలు ముగిసి కుప్పనూర్పిళ్లు సాగు దినములలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఏ రచ్చబండ కడ కూర్చున్నను రైతుల నోట రెండు మాటలు తప్పక వినవచ్చును. కూలి పెరిగినదనునది మొదటి మాట. పెరిగిన కూలి ఇచ్చెదమన్నను మనుష్యులు దొరకుట లేదనునది రెండవ మాట. ఆ ఊరనే కూలిజనుల ఇండ్ల ముంగిట ఒక గడియ కూర్చున్నచో వేరు మాటలు వినవచ్చును. కోతయంత్రము వచ్చి పక్షము దినముల పనిని ఒక్క పూటలో మ్రింగినదనియు, పనియున్న దినములకంటె లేని దినములే ఎక్కువైనవనియు వారందురు. ఇరువురిలో ఎవరును అబద్ధమాడుట లేదు. రెండును నిజములే ఐనపుడు ఆ నిజములను ఒక్క తక్కెడలో ఉంచి తూచువాడొకడు కావలెను. అట్టి తూనికయే వృత్తిగా గలవానిని శ్రామిక అర్థశాస్త్రజ్ఞుడందురు.

ఇట్టి పండితుని మాట ఎత్తగనే మన రైతులు, ఆయన పట్టణములో మేడపై కూర్చుండి పుస్తకములు తిరుగవేయువాడనియు, మన మడిగట్టుతో ఆయనకు పనిలేదనియు తలంతురు. ఆ తలంపు సరికాదని చూపుటకు దూరము పోనక్కరలేదు. తెనాలి నుండి బాపట్లకు రైలులో పోవువారికి నడుమ నిడుబ్రోలు స్టేషను తగులును. గోగినేని రంగనాయకులు, అనగా లోకమెరిగిన ఆచార్య రంగా, 1900 నవంబరు 7వ తేదీన పుట్టినది ఆ ఊరనే.

రంగాగారిని మనవారు రాజకీయ నాయకుడుగా ఎరుగుదురు. 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించుట, 1936లో అఖిల భారత కిసాను సభ స్థాపకులలో ఒకరగుట, 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షులగుట, దీర్ఘకాలము పార్లమెంటులో కూర్చుండుట, ఇవన్నియు మన పెద్దలు కథలుగా చెప్పుకొనునవే. 1964లో నెలకొల్పబడిన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు, ఆయన మరణించిన మరుసటి యేట, 1996లో, ఆయన పేరే పెట్టిరి. మన బాపట్ల వ్యవసాయ కళాశాల, 1945లో పుట్టినది, ఆ విశ్వవిద్యాలయము నీడనే ఉన్నది. ఐనను ఆ నాయకుని వెనుక ఒక పరిశోధకుడు ఉండెనను సంగతిని మనము దాదాపుగా మరచితిమి. ఈ వ్యాసమున మేము తలపెట్టినది ఆ పరిశోధకుని గూర్చియే.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన రైతుబిడ్డ ఆక్స్‌ఫర్డుకు పోయి 1926లో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టమును పొందెను. అంత చదివి ఆయన వ్రాసిన మొదటి గ్రంథము లండను బ్యాంకులను గూర్చినది కాదు. మాంచెస్టరు మిల్లులను గూర్చినది కాదు. భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చిన ఆ గ్రంథపు మొదటి సంపుటము డెల్టా గ్రామములకే కేటాయింపబడినది. అదియును 1926లోనే వెలువడెను. రెండవ సంపుటము 1929లో వచ్చెను. ఆ నడుమ ఆయన మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులుగా ఉండిరి. 1930లో దక్షిణ భారతపు చేనేతవారి సాంఘిక ఆర్థిక స్థితిని గూర్చిన మరియొక గ్రంథము వెలువడెను. ఆ తరువాత రైతుల ఋణములను గూర్చియు వ్రాసిరి.

ఈ గ్రంథముల వరుసను ఒకసారి చూడుడు. పొలమున పనిచేయువాడు, మగ్గమున పనిచేయువాడు, అప్పు కట్టలేక కుములువాడు. ఈ మువ్వురిలో ఒక సామ్యము కలదు. ఫ్యాక్టరీ కూలికి వారము తిరుగగనే జీతము చేతిలో పడును. ఎంత పనికి ఎంత వచ్చెనో వానికి తెలియును. చేనేతవాని ఇంట కండెలు చుట్టిన భార్యకు కాని, పడుగు సవరించిన బిడ్డకు కాని వేరుగా కూలి లేదు. బట్ట అమ్మినపుడు వచ్చిన ధరలో వారి కష్టము కలిసిపోవును. రైతు ఇంటను అంతియే. తన పనికి తానే యజమాని, తానే కూలి ఐనవాని కష్టమునకు వెల కట్టుట ఎట్లు? రంగాగారు తమ తరువాతి జీవితమంతయు రైతును, నేతగానిని, చేతివృత్తులవారిని స్వయముగా పని కల్పించుకొనువారని ఒక్క తెగగా చెప్పుచు వచ్చిరి. ఆ రాజకీయమునకు వేరు ఆ పరిశోధనలోనే ఉన్నదని మా అభిప్రాయము.

ఈ ప్రశ్నను అడిగినవారు మన దేశమున మాత్రమే లేరు. రష్యాలో అలెగ్జాండరు చయనోవు అను వ్యవసాయ అర్థశాస్త్రజ్ఞుడు 1925లో రైతు కుటుంబ సేద్యమును గూర్చి ఒక గొప్ప గ్రంథమును వెలువరించెను. ఆయన సహకార సంఘముల పక్షపాతి. సహకారమును గూర్చియు విశేషముగా వ్రాసినవాడు. కూలివారిని పెట్టి సేద్యము చేయువాడు కూలి ఖర్చు రాబడిని మించగనే పని నిలుపును. కుటుంబముతో సేద్యము చేయువాడు అట్లు నిలుపడు. ఇంట తినవలసిన నోళ్లున్నంత వరకు, గంటకు దక్కునది ఎంత తక్కువైనను, నడుము వంచుచునే ఉండును. చయనోవు చెప్పిన సారాంశమిది. స్టాలిను ప్రభుత్వము ఆయనను 1930లో చెరపట్టి 1937లో కాల్చి చంపెను. ఆయన చెప్పిన మాట మాత్రము చావలేదు. మన కృష్ణా పశ్చిమ డెల్టాలో ఏ కౌలురైతు ఇంటికి పోయినను అది కంటికి కనబడును.

ఇచట మా తప్పు ఒకటి చెప్పుకొనక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట రేపల్లె దిక్కున ఒక గ్రామములో మేము వరి ప్రదర్శన క్షేత్రమును పెట్టితిమి. భూమి సొంతదారునిది. ఆయన, ఆయన భార్య, పెద్ద కొడుకు నారుమడి దున్నుట మొదలు గట్లు చెక్కుట, నీరు కట్టుట, ఎరువు చల్లుట, పంట కాపాడుట వరకు తామే చేసికొనిరి. నాట్లకును, కోతలకును మాత్రము కూలివారిని పిలిచిరి. పంట బాగుగా పండినది. క్షేత్ర దినమున మేము ఒక నల్లబల్లపై ఖర్చును, రాబడిని సుద్దముక్కతో వ్రాసి, మిగులును పెద్ద అక్షరములలో వ్రాసితిమి. ఖర్చులో కూలివారికి ఇచ్చిన పైకము ఉన్నది. విత్తనము, ఎరువు, మందు ఉన్నవి. ఇంటివారి పని లేదు. భూమి సొంతము కనుక కౌలును లేదు. మాకు పై నుండి వచ్చిన నమూనా కాగితములో ఆ గడులు లేవని మేము సమాధానము చెప్పుకొనవచ్చును. కాని సుద్దముక్క పట్టిన చేయి మాదే.

ఆ దినమున వచ్చినవారిలో కౌలుకు సేద్యము చేయు చిన్నవాడొకడు మా బల్లపై అంకెలను తన పుస్తకములో ఎక్కించుకొని పోయెను. మరుసటి యేడు ఆ అంకెల ధైర్యముతో మరి రెండెకరములు కౌలుకు పట్టెను. భూమికి పోటీ ఎక్కువగా ఉన్నందున ఇతరులకంటె ఎక్కువ బస్తాలకు ఒప్పుకొనెను. పంట మా క్షేత్రములో కంటె తక్కువ పండలేదు. కౌలు బస్తాలు కొలిచి, దుకాణపు అప్పు తీర్చి, కోత ముఠాకు ఇచ్చిన తరువాత వానికి వరిగడ్డి మిగిలినది. ఆ చిన్నవాడు మా కడకు వచ్చెను, కోపము పడలేదు. ఆ పుస్తకమును తెరచి, "అయ్యగారూ, తప్పు నాదో మీదో తెలియటం లేదండీ. మా అమ్మ నాలుగు నెలలు నాతోపాటు పొలంలోనే ఉందండీ. మీ బల్ల మీద మా అమ్మ పని ఎక్కడ రాసి ఉందండీ?" అని మాత్రము అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఆ ప్రశ్న అప్పటి నుండి మమ్ము విడువలేదు. దానిని ఆలోచింపగా మాకు తోచినది ఇది. లెక్కకు రాని కష్టము గాలిలో కలిసిపోదు. మరియొకరి పద్దులో చేరును. కౌలుదారు తన ఇంటివారి కష్టమును సున్నగా ఎంచినపుడే ఎక్కువ బస్తాలకు పాట పాడగలడు. ఆ తల్లి నాలుగు నెలల పని కౌలుబస్తాల రూపమున భూస్వామి గాదెకు చేరినది. సొంతభూమి గల రైతు తన ఇంటివారి పనిని లెక్కింపనపుడు ధాన్యము ధర తక్కువైనను గిట్టినట్లే అగపడును. ఆ కష్టము ధరలో కొనుగోలుదారుకు చేరును. ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఎకరమునకు ఇంటివారు 20 పనిదినములు పనిచేసిరనుకొందము. ఒక దినపు కూలి 500 రూపాయలనుకొందము. అది 10,000 రూపాయలు. బల్లపై 12,000 మిగులు కనబడినచో నిజముగా మిగిలినది 2,000 మాత్రమే. కౌలు ఇంకను తీయలేదు.

ఇది మా బల్లకు మాత్రమే సంబంధించిన మాట కాదు. ప్రభుత్వపు ధరలకును సంబంధించినది. ధాన్యపు మద్దతు ధరకు ఆధారముగా చూపు సేద్యపు ఖర్చు మూడు విధములుగా కట్టబడును. చేతినుండి పోయిన పైకమును, కౌలుభూమికి చెల్లించిన కౌలును కలిపినది ఏ2 అనబడును. దానికి ఇంటివారి పని విలువను చేర్చినది రెండవ లెక్క. సొంతభూమికి రావలసిన కౌలును, పెట్టుబడిపై వడ్డీని కూడ చేర్చినది సి2 అనబడు మూడవ లెక్క. స్వామినాథను అధ్యక్షతను 2004 నుండి 2006 వరకు పనిచేసిన జాతీయ రైతు కమీషను, మద్దతు ధర ఖర్చుకంటె కనీసము నూటికి 50 వంతులు అధికముగా ఉండవలెనని చెప్పెను. 2018-19 బడ్జెటులో కేంద్ర ప్రభుత్వము ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇచ్చెదమని ప్రకటించి రెండవ లెక్కను ఆధారముగా గైకొనెను. రైతు సంఘములు సి2 పై ఇవ్వవలెనని కోరుచు వచ్చినవి. ఏ లెక్క న్యాయమను వాదమును ఇచట మేము తీర్పజాలము. కాని రెండు లెక్కలలోను ఇంటివారి పని ఉన్నది. ఆ పద్దులో 100 రూపాయలు తగ్గినచో ఒకటిన్నర రెట్ల ధరలో 150 తగ్గును.

ఇంటివారి పనికి ఏ కూలి కట్టవలెనను చిక్కును ఎదుర్కొన్నవారిలోను ఒక తెలుగువాడే ముఖ్యుడు. కరీంనగరు ప్రాంతమున 1929లో జన్మించిన సి.హెచ్. హనుమంతరావుగారు ఢిల్లీలో పరిశోధన సాగించిరి. కొత్త విత్తనములు, యంత్రములు తెచ్చిన లాభము భూమిగలవానికి, కౌలుదారుకు, కూలికి ఏయే పాళ్లలో చేరినదను ప్రశ్నపై 1975లో గ్రంథము ప్రకటించిరి. సేద్యపు ఖర్చు కట్టు పద్ధతిని పరిశీలించుటకై ఏర్పడిన నిపుణుల సంఘము ఆయన అధ్యక్షతను 1990లో నివేదిక ఇచ్చెను. చట్టము నిర్ణయించిన కనీస కూలి, ఊర వాస్తవముగా చెల్లు కూలి, ఈ రెంటిలో ఏది ఎక్కువో దానినే ఇంటివారి పనికి కట్టవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. మరుసటి యేడు, 1991లో, జాతీయ గ్రామీణ శ్రామిక సంఘపు నివేదికయు ఆయన అధ్యక్షతనే వెలువడెను. ఒకే పండితుడు ఒక చేత రైతు ఖర్చును, మరియొక చేత కూలివాని బ్రతుకును తూచెను. ఈ రెండును పరస్పర విరుద్ధములని తలంచు మనవారు దీనిని గమనింపవలెను. కూలివాని కూలి పెరిగినపుడు, ఈ పద్ధతి ప్రకారము, రైతు ఇంటి పనికి కట్టు వెలయు పెరుగును. కూలివాని చెమటను చౌకగా ఎంచు ఊరిలో రైతు చెమటయు చౌకగానే తూగును.

రంగాగారు డెల్టా గ్రామములను గూర్చి వ్రాసిన పని ఆయనతో ఆగలేదు. కొల్లూరు మండలములోని అనంతవరము తెనాలికిని రేపల్లెకును చేరువనున్న గ్రామము. 1974లో పుచ్చలపల్లి సుందరయ్యగారు ఆ గ్రామమును భూమి సమస్యను గూర్చి పరిశీలించిరి. సుమారు 30 ఏండ్లు గడచిన తరువాత, 2005-06 సంవత్సరపు లెక్కలకై, వి.కె. రామచంద్రను అను అర్థశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మరల ఆ గ్రామమునకే వచ్చి ఇంటింటి లెక్కలను సేకరించిరి. ఈ రామచంద్రనుగారు 1977లో తమిళనాట గోకిలాపురమను గ్రామమున వ్యవసాయ కూలీల స్థితిని పరిశీలించి, 1990లో దానిని గ్రంథముగా ప్రకటించినవారు. అనంతవరముతో పాటు అనంతపురము జిల్లా బుక్కచెర్లను, కరీంనగరు జిల్లా కొత్తపల్లెను చేర్చిన గ్రంథము 2010లో వెలువడెను. అనంతవరమున కౌలు సేద్యము విస్తారముగా ఉండుట, కౌలు బరువుగా ఉండుట, భూమిలేనివారిలో దళితులే ఎక్కువగా ఉండుట అందు కాననగును. ఇది మనకు తెలియనిది కాదు. కాని తెలియుట వేరు, తూచి చెప్పుట వేరు.

రంగాగారును సుందరయ్యగారును రాజకీయమున ఉప్పు నిప్పు వంటివారు. ఒకరు సొంత సేద్యమునకు కంచె కట్టినవారు. మరియొకరు భూమి పంపకమునకు పోరాడినవారు. 1959లో నాగపురమున కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యమును తీర్మానించినపుడు రంగాగారు దానిని గట్టిగా ఎదిర్చిరి. ఇంతటి భేదమున్నను, నిజము తెలియవలెనన్నచో గ్రామమునకే పోవలెనను విషయమున ఇరువురును ఒక్క త్రోవనే నడిచిరి. వాదము తరువాత, లెక్క ముందు. మన రచ్చబండ కడ ఈ వరుస తారుమారైనది. లెక్క లేకుండ వాదము మాత్రము సాగుచున్నది.

పరిశోధకుని జీవితమంతయు ఒక చిన్న క్షణముపై ఆధారపడియున్నదని మేము ఊళ్లు తిరిగిన అనుభవముతో చెప్పగలము. ఆయన అరుగుపై కూర్చుండి పుస్తకము తెరచును. "ఏమండీ, నాట్లకు ఎంతమంది వచ్చారు? ఎంతిచ్చారు?" అని అడుగును. రైతు ఆ క్షణమున నిజము చెప్పెనా, ముప్పది ఏండ్ల పాండిత్యము నిలుచును. గుర్తులేక నోటికి వచ్చినది చెప్పెనా, ఆక్స్‌ఫర్డు చదువును దానిని బాగుచేయజాలదు. పన్ను వేయుదురేమోయని ఖర్చు పెంచి చెప్పువారిని, పరువు పోవునేమోయని నష్టమును దాచువారిని, ఇంటి ఆడువారి పనిని పనియే కాదనువారిని మేము అందరిని చూచితిమి. ఆడువారిని అడుగుటకు మేమే జంకిన దినములును కలవు. నాట్లును, కలుపును మన డెల్టాలో ఆడువారి చేతులపైననే నిలిచియున్నవి. అట్టిచోట మగవానిని మాత్రము అడిగి వ్రాసికొన్న లెక్క సగము లెక్కయే.

కావున మన సహకార సంఘములకు మా మనవి ఇది. ఎరువుల పద్దు, అప్పుల పద్దు ఉన్నట్లే ప్రతి సంఘమునందును ఒక కూలి పుస్తకము ఉండవలెను. ప్రతి సభ్యునకు పలుచని పుస్తకము ఒకటి ఇచ్చి ఈ సంగతులను వ్రాయించవలెను. తేదీ, పని పేరు, చేసినది ఇంటివారా, కూలివారా, ఆడువారెందరు, మగవారెందరు, పూట పనియా, దినపు పనియా, గుత్తయా, కూలి పైకముగా ఎంత, ధాన్యముగా ఎంత, యంత్రమునకు ఎన్ని గంటలు, ఎంత బాడుగ, కౌలు ఎన్ని బస్తాలు. చదువురాని ఇంట ఏడవ తరగతి పిల్లవాడు వ్రాయగలడు. వ్రాయుటకు రాత్రి భోజనానంతరము కొన్ని నిమిషములు చాలును.

కోతయంత్రపు వాదమును కూడ ఈ పుస్తకమే తీర్చును. యంత్రపు బాడుగను కోతకూలితో మాత్రము సరిపోల్చినచో యంత్రమే చౌకగా కనబడును. కాని కోతకు ముందు వరిలో చల్లిన మినుము మొలకలు దాని చక్రముల క్రింద నలుగును. గడ్డి తునుకలై పొలమున చెదరును. పశువులున్నవాడు గడ్డి కొనవలసివచ్చును. ఆ నష్టమును పద్దున వ్రాసినచో ఒక ఇంట యంత్రము లాభము కావచ్చును, మరియొక ఇంట నష్టము కావచ్చును. మినుము మాని మొక్కజొన్న వేయువాని లెక్క వేరు. పాడిపశువులున్నవాని లెక్క వేరు. అందరికి ఒక్క మాట చెప్పుట మాకు తగదని ఇప్పుడు తెలిసికొంటిమి.

దీనికి రెండు ఆక్షేపణలు వచ్చును. లెక్క వ్రాసినంత మాత్రమున కూలి తగ్గునా, ధర పెరుగునా అని కొందరడుగుదురు. తగ్గదు, పెరుగదు. కాని లెక్క లేనివాడు బేరమునకు పోయిన చోట ఎదుటివాని లెక్కయే చెల్లును. ధర అడుగబోవు రైతుకును, కౌలు మాటాడబోవు కౌలుదారుకును చేతిలో కాగితము ఉండుట మేలు. రెండవ ఆక్షేపణ బరువైనది. కౌలు వ్రాసినచో భూస్వామి భూమి తీసికొనునని కౌలుదారు భయపడును. ఆ భయము వట్టిది కాదు. 2011లో భూమి అధీకృత సాగుదారుల చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినను, కాగితముపై సంతకము అనగనే వెనుకకు జరుగు భూస్వాములు మన ప్రాంతమున కలరని అందరెరుగుదురు. అందువలన సంఘపు పుస్తకమున పేర్లుండరాదు. ఇంటికొక అంకె చాలును. ఏ అంకె ఎవరిదో కార్యదర్శి బయట పెట్టరాదు. సంఘము ఈ నమ్మకమును నిలుపలేనిచో పుస్తకము పెట్టకుండుటయే మంచిది.

ఇంకొక మాట. ఈ పుస్తకమును భూమి గల సభ్యులు మాత్రము వ్రాసినచో మా నల్లబల్ల తప్పే మరల జరుగును. కౌలుదారు వ్రాయవలెను; కూలి ఇంటివారును తమ పనిదినములను వ్రాయవలెను. సంక్రాంతి వెళ్లిన పిదప సర్వసభ్య సమావేశమున మూడు మొత్తములను ప్రక్కప్రక్కన చదువవలెను. సొంత సేద్యగానికి గంటకు ఎంత దక్కినది, కౌలుదారుకు ఎంత దక్కినది, కూలికి ఎంత దక్కినది. కౌలుదారుకు దక్కినది కూలికి దక్కినదానికంటె తక్కువైన ఊళ్లుండిన మాకు ఆశ్చర్యము కలుగదు. అది అందరి ఎదుట చదువబడిన దినమున కౌలు బస్తాలను గూర్చి మాటాడుటకు భూస్వామికిని నోరు కొంచెము మెత్తబడునని మా ఆశ. తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘములు ఆ మొత్తములను కలిపి బాపట్ల కళాశాలలోని పరిశోధకుల ముందుంచినచో, రేపు మన ఊళ్లకు వచ్చు అర్థశాస్త్రజ్ఞునకు తడుముకొను పని తప్పును.

మిషను బడిలో చదువుకొను దినములలో ద్రాక్షతోట కూలివారి ఉపమానమును మాకు చెప్పుచుండిరి. ఉదయము వచ్చినవానికిని, ప్రొద్దు గ్రుంకు వేళ వచ్చినవానికిని యజమాని ఒక్కటే కూలి ఇచ్చెను. అది న్యాయమా కాదా అని పిల్లలము కొట్లాడుకొనెడివారము. ఇప్పుడు ఆ కథలో మాకు కనబడునది వేరు. ఎవరికి ఎంత ముట్టెనో అందరును చూచుచుండగనే కూలి ముట్టినది. అందువలననే అడుగదలచినవాడు అడుగగలిగెను, యజమాని జవాబు చెప్పవలసివచ్చెను. మన పొలములలో అడుగుటకే ఆధారము లేదు.

ఆ చిన్నవాడు ఇప్పటికిని సేద్యము చేయుచున్నాడు. ఆ రెండెకరములను మాత్రము విడిచిపెట్టెను. మేమును నల్లబల్లను మార్చితిమి. ఇంటివారి పనికి ఒక గడియును, కౌలునకు ఒక గడియును గీసి, అవి నిండనిది మిగులును వ్రాయుట మానితిమి. మిగులు చిన్నదైనందున క్షేత్ర దినమునకు వచ్చువారి ఉత్సాహము కొంత తగ్గినమాట నిజమే. ఐనను దానిని చూచి భూమి పట్టినవాడెవడును మా కడకు అట్టి ప్రశ్నతో మరల రాకుండిన అదియే చాలును. సంఘముల కార్యదర్శులు రాబోవు తొలకరికి ముందే ఈ విషయమును పాలకవర్గము ముందుంచి, నారుమడి దున్ను దినమున మొదటి పంక్తి వ్రాయించెదరని కోరుచున్నాము. ఆ మొదటి పంక్తిలో ఇంటి ఇల్లాలి పని ఉండవలెను.